దీర్ఘం

డులూత్‌లో మార్చి. కాలేజీ నేలమాళిగలో
హీటరు మూలుగుతోంది.
బూట్ల మంచు కరిగి రబ్బరు చాప మీద మడుగు కట్టింది.
ఆర్లీన్ ఓస్ట్‌బీ టేపుల పెట్టె నా ముందుకు తోసి
ఇరవై ఎనిమిదేళ్ళుగా దాచుకున్న అనుమానం అడిగింది:
"మీవాళ్ళు మాట మధ్యలో ఎందుకలా అరుస్తారు?"

తెర మీద ఉత్తరాలు. తొంభై నాలుగు, తొంభై ఆరు.
మన అక్షరం ఇంకా యంత్రంలోకి రాని రోజులు.
అరువు లిపిలో, ఇరుకులో,
గొంతుక్కూర్చుని రాసుకున్న తెలుగు.
పదం నడుమ ఉన్నట్టుండి
నిలువెత్తు ఏ, నిలువెత్తు ఐ.

అరుపు కాదు ఆర్లీన్, దీర్ఘం.
అక్కడ కాస్త ఆగమని.
అది మరిస్తే కాలం కలమైపోతుంది.
పెద్ద ఎల్ మరిస్తే కళ్ళు కల్లవుతాయి.
ఒకాయన మరిచాడు కూడా,
నీ కళ్ళు తలుచుకుని రాత్రంతా నిద్ర లేదని రాయబోయి.
ఆ వేళాకోళం నాలుగు రోజులు నడిచింది,
పదిహేడు ఉత్తరాలు.

ఆర్లీన్ నవ్వలేదు. పచ్చ నోటుబుక్కులో రాసుకుంది.
ఎవరు చదువుతారివి అని ఆఫీసువాళ్ళు అడిగినప్పుడల్లా
జవాబు చెప్పకుండా,
పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు
వీటిని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మోసింది,
ఒక్క ముక్క అర్థం కాకుండానే.
దొంగ ప్రకటనల వాళ్ళ కంట పడకుండా
చిరునామాల్లో సగం చుక్కలు పెట్టిందీ ఆమే.
వీళ్ళని చదవచ్చు. పిలవలేం.

ఒక ఉత్తరం మాత్రం లేదు.
టేపు అక్కడ బూజు పట్టింది.
మృత్యుంజయుడు అన్న పేరొక్కటే మిగిలింది.
తేదీ చెడితే యంత్రం
డెబ్భై జనవరి ఒకటి వేసుకుంటుంది,
అందుకని వరసలో అందరికంటే ముందు
ఖాళీ చేతులతో కూర్చున్నాడు.

జవాబులు మాత్రం ఉన్నాయి.
ఎవరి మాటైనా ఎత్తి రాస్తే ముందొక బాణం ములుకు,
ఆ ఎత్తిన మాటని మళ్ళీ ఎత్తితే రెండు.
మూడు ములుకుల కింద, విరిగిన పెంకుల్లా, అతని వాక్యాలు:
సరస్సు గడ్డకట్టాక రాత్రి ఒక చప్పుడు
పాప అడిగింది తెలుగులో దాన్నేమం
నాకు తట్టలేదు

ఫెళఫెళ అంది హ్యూస్టన్ విశాలి.
అది ఎండు కొమ్మకి కదా, అన్నాడు సోమయాజి.
గంగరాజు కణకణ అని తనే వెనక్కి తీసుకున్నాడు,
అది నిప్పుల సొత్తని.
మనకా అవసరం రాలేదు, వదిలెయ్యండి అన్నాడొకడు,
పేరు లేదు.
లబక్ నుంచి నాగమల్లి: కరెంటు తీగ మీంచి
పిట్ట లేచిపోయాక తీగ అంటుందే, టుంయ్‌మని,
అలాంటిదా?

మృత్యుంజయుడు ఇంకొక్కసారి రాశాడు.
పాప నిద్రపోయింది, రేపు చెప్తాను.
ఏ మాట చెప్పాడో టేపులో లేదు.
ఆ పాపకిప్పుడు ముప్ఫై దాటుంటాయి.

అయిదింటికి దీపాలార్పి బయటకొచ్చాం.
ఒడ్డున మంచు ఇంకా విడవలేదు,
దూరంగా మాత్రం నల్లటి నీటి చీలిక.
చెవులు కొరికే గాలి.
ఎంతసేపు నిలబడ్డామో, కాళ్ళు మొద్దుబారాయి.
ఇక వెళ్దామనుకునేసరికి
ఆ గడ్డ కింద ఎక్కడో మొదలై
మన కాళ్ళ కిందుగా పోయి
ఎక్కడో ఆగింది,
లేదా ఆగలేదు.

నా నోటికి ఏదో వచ్చింది.
నిఘంటువులో ఉండదు, అయినా బయటికి అనేశాను.
ఆర్లీన్ పెన్ను మూత పళ్ళతో లాగి,
నోటుబుక్కు మోకాలికి ఆనించుకుని,
"పెద్దక్షరం ఎక్కడ?" అంది.