వన్నూరప్ప కాగితం

గుంతకల్లులో శిక్షణ, మూడో రోజు.
ఫ్యాను కిర్రుమనే గదిలో మా టీచర్లకు తలా ఒక కాగితమిచ్చినారు:
మీ తరగతిలో ఇట్లాంటి పిల్లోళ్లుంటే గుర్తు పెట్టండి.

మూడో తరగతి వన్నూరప్పను తలుచుకోని మొదలుపెట్టినాను.
కళ్లల్లోకి చూడడు. టిక్కు.
మాటకు పైఅర్థమే తప్ప లోపలిది పట్టదు. టిక్కు.
పెద్ద శబ్దానికి చెవులు మూసుకుంటాడు.
పెన్సిలు ఆగింది.

వన్నూరప్ప ఎన్నడూ మూసుకోలేదు.
మూసుకున్నది పెన్నోబులేసు,
మా పెండ్లిలో, గట్టిమేళానికి.
తాళి పట్టుకున్న చేత్తోనే చెవి మూసుకుంటే
పసుపుతాడు ఆయప్ప చెంప మీద వేలాడింది.
'పెండ్లాం మాట వినబడకుండా
ఇప్పట్నుంచే నేర్చుకుంటున్నాడే' అనింది మా చిన్నత్త.
మండపమంతా నవ్వింది. నేనూ నవ్వినాను.

పెన్సిలు ఆగి, ఆగి,
అయినా టిక్కు పెట్టింది.

తహశీల్దారాఫీసులో వాన కొలిచే పని ఆయప్పది.
ఉరవకొండలో వాన కొలవడమంటే
వడ్డన లేని పంక్తిలో విస్తర్లు లెక్కబెట్టడం.
పొద్దున ఎనిమిదిన్నరకు గరాటు ఎత్తి, లోపలికి చూసి,
'సున్నా' అని రాస్తాడు.
నెలల తరబడి సున్నా.
ఒక్కనాడూ చూడకుండా రాయలేదు.

ఉగ్గాని మీద బజ్జీ పెడితే తినడు, పక్క గిన్నెలో పెట్టాల.
పెద్దోడు పుట్టిన రోజేదంటే తేదీ చెప్పడు,
'పదకొండు పాయింటు నాలుగు మిల్లీమీటర్లు' అంటాడు.
ఒకసారి, ఏడుపు గొంతులో అడ్డం పడి అడిగినాను,
'నా మీద నీకేమన్నా ఉందా?' అని.
తేరిపార చూసి, 'నీ మీదా? సుద్దపొడి ఉంది, ఎడమ భుజాన' అన్నాడు.
దులిపినాడు కూడా.

మా నాయన పోయిన దినం
ఇల్లంతా శోకాలు పెడుతుంటే అల్లుడు యాడంటే,
దొడ్లో, కారే కొళాయిని బిగిస్తున్నాడు.
'రాయిరా నాయనా' అనింది మాయమ్మ.
మూడేండ్లుగా మా నాయన గొణిగింది ఆ కొళాయి గురించేనని
ఆ పొద్దు ఎవరికీ గుర్తు రాలేదు.
నాకూ రాలేదు, ఈ గదిలో కూచునేదాకా.

ఆస్పర్జర్, అని సారు బోర్డు మీద రాసి
'ఇప్పుడట్లా అనడం లేదులే' అని సగం చెరిపినాడు.
చిన్నప్పుడే కనుక్కోవాలంట.
యాభై నాలుగేండ్లోళ్ల సంగతి ఎవరూ అడగలేదు.
అడుగుదామని చెయ్యెత్తి, కొప్పు సవరించుకున్నాను.

తిరుగు బస్సులో గాలిమరలు.
పోతూ వస్తూ వాటిని లెక్కబెట్టే అలవాటు
ఎప్పుడంటుకుందో నాకు.
తిరగనివి రెండు.

ఇదే దాని పేరైతే
ఇరవై ఆరేండ్ల నా కోపాన్ని ఎవరి గడపలో దించాల?
మొండోడు, రాయి, మనసు లేనోడు,
నేను పెట్టిన పేర్లన్నీ వాపసు తీసుకోవాలా?
మరి అబద్ధమాడడే, అది ఆయప్పదా, ఆ పేరుదా?
సున్నాను కూడా చూసి రాసే చూపు ఎవరిది?
పేరు కాకపోతేనో?
ఉత్త పెన్నోబులేసే అయితేనో?

బస్సు నలభై నిమిషాలు లేటు.
స్టాండులో, నేను దిగే తలుపు ఎక్కడ ఆగుతుందో
సరిగ్గా అక్కడ నిలబడున్నాడు.
'ఆరూ పది కదా. ఆరూ యాభై' అన్నాడు.
అంతే.

రాత్రి కాగితం అడిగి తీసుకున్నాడు.
పై నుంచి కిందికి, వేలు పెట్టి చదివినాడు.
'ఏడో ప్రశ్న, పదమూడో ప్రశ్న ఒకటే. రెండుసార్లు అడిగినారు.'
ఊఁ అన్నాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.
'ఈ టిక్కు తప్పు.
వన్నూరప్ప టపాసులకు కూడా బెదరడని
జనవరిలో చెప్పినావు. నువ్వే.'

ఔను, అది వన్నూరప్పది కాదు, అన్నాను.

ఎవరిదని అడగలేదు.
చిన్నోడి పాత డబ్బా వెతికి
రబ్బరు తెచ్చి నా అరచేతిలో పెట్టి
పోయి పడుకున్నాడు.

రబ్బరు ఒక మూల అరిగి ఉంది.
దీపం తీయకుండా చానాసేపు కూచున్నాను.