ఎంతిస్తది?

మెహిదీపట్నం సిగ్నల్ కాడ
నా పెట్రోల్ బండి పద్దెనిమిదిస్తదని నేను.
పక్క లేన్ల ఖలీల్ భాయ్ హైబ్రిడ్
బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంత దాసుకుంటదట,
పోపుడబ్బాల చిల్లర దాసే మా అత్తమ్మ లెక్క.
ముంగట కరెంటు బండి, సప్పుడే లేదు.
రూపాయికో కిలోమీటరు,
చార్జింగు కాడ మాత్రం మూడు చాయ్‌ల సేపు.

నలభై నిమిషాలైంది.
అందరి మైలేజీ ఇప్పుడు ఒక్కటే.
పల్లీలమ్మే ముసలామె
నడుచుకుంట మమ్మల్ని దాటిపోయింది.

రాత్రి అన్నం కాడ చెప్పిన:
హైడ్రోజన్ బండ్లొస్తయట, పొగ రాదట,
ఎనక గొట్టంల నీళ్లే కారుతయట.

మూడ్రోజుల సంది నల్లా రాలే.
సుగుణ ఉత్త బిందె దిక్కు చూసింది.
"లీటరుకెంతిస్తదో నాకెందుకు,
కిలోమీటరుకెన్ని బిందెలో
అడిగి రా."