రేకు మీద ఊదగూడదు

గూడూరు రైలుగేటు కాడ మిద్దె మీద గది.
మే నెల. కంప్యూటర్ ఫ్యాను నాకంటే గట్టిగా రొప్పుతోంది.
తెర మీద అభ్రకం.
నాలుగు పొరలు: కింది రెండూ కదలకుండా బిగించాను,
పై రెండూ వదులు.
ఆ పైన పదిహేను ఆంగ్‌స్ట్రామ్‌ల శూన్యం,
శూన్యంలో ఒకే ఒక్క నీటి అణువు
ఏ ముఖం కిందికి పెట్టి వాలాలో తెలియక తిరుగుతోంది.
పెట్టెలో కుడివైపు దాటినది
ఎడమవైపు నుంచి వచ్చేస్తుంది.
ఈ లోకానికి అంచు లేదు. దుమ్ము అసలే లేదు.

ఉప్పుమిరపకాయలు ఎండబెట్టను వచ్చిన మస్తానమ్మ
గడప కాడ ఆగి ఆయాసం తీర్చుకుంది.
"ఏందిమే అది?"
"కాకిబంగారం."
కలిచేడు షెడ్డులో పదకొండో ఏట కత్తి పట్టిన చెయ్యి
నవ్వుతూ నడుమ్మీదికి పోయింది.
"ఇంత లావుగానా! మేం ఇంకా సన్నంగా చీల్చేవోళ్ళం."

పొరకీ పొరకీ నడుమ పొటాషియం ఉంటుందనీ
కత్తి దిగితే సగం ఈ రేకుకీ సగం ఆ రేకుకీ పోతుందనీ చెప్పాను.
"అంత సమంగా పంచినామా మేము?
మాకు మాత్రం కిలో లెక్కనే ఇచ్చినారు కూలి."

లెక్క కూడా చెప్పాను, అడిగింది గనక.
కలిసి ఉన్నప్పటి శక్తిలోంచి
రేకు ఒంటరిగా ఉన్నప్పటిది తీసెయ్యాలి,
నీరు ఒంటరిగా ఉన్నప్పటిదీ తీసెయ్యాలి.
మిగిలింది సున్నాకి కిందుంటే, నిలిచినట్టు.
పుస్తకంలో దాని పేరు అధిశోషణం.
"పట్టు," అందామె.

తర్వాత, మిరపకాయలు పరుస్తూ, అటు తిరిగే:
"అప్పుడే చీల్చిన రేకు మీద ఊదగూడదు.
మేస్త్రీ కొట్టేవోడు.
ఊదకపోయినా అంతే అనుకో,
కత్తి తీసేలోపలే గాలి తగిలి ఆ మెరుపు పోతది."

నా శూన్యం వైపు చూశాను.
మూడు నెలలుగా కడిగి కడిగి ఉంచుకున్నది,
ఈ ఊళ్ళో ఏ రేకుకీ ఒక్క క్షణమైనా దొరకనిది.

ఆమె దిగిపోయింది, మెట్టుకొక దగ్గు.
నెల్లూరు పెద్దాసుపత్రిలో తీసిన ఫిల్ము
ఆమె వంటగది కిటికీకి ఎండ తెర.
పొయ్యి కాడ కూర్చుంటే కనబడతాయి
రొమ్ములో తెల్లటి రవ్వలు, ముప్పయ్యేళ్ళ నాటివి.
ఆ పట్టు విడిపించేంత శక్తి దగ్గుకు లేదు.
ఎంత చాలదో ఒక రాత్రి లెక్క కట్టాను,
రవ్వకు బదులు ఒక చిన్న ముక్క తీసుకుని.
ఆ ఫైలు ఎవరికీ చూపలేదు.

కరెంటు పోయి వచ్చాక
పెట్టెలో ఇంకో నీటి అణువు వేశాను,
తర్వాత మూడు, తర్వాత తొమ్మిది.
శక్తి కుదురుకోలేదు. ఊగుతా ఉంది.
అంకెల వరస తెల్లారుజాము దాకా చూస్తూ కూర్చుంటే
బయట ఆమె మర్చిపోయిన మిరపకాయలు గుర్తొచ్చాయి.
సముద్రపు గాలికి తేమ పట్టి
అప్పటికే మెత్తబడ్డాయి.
చేటలోకి ఎత్తాను.
చేతులంతా ఉప్పు.