ఖాళీ బుట్ట

మైపాడు గేటు దాటేసరికి అయిదూ నలభై.
చీకట్లో చేతి గడియారం ఒక్కటే పచ్చగా,
మిణుగురును పట్టి మణికట్టుకు కట్టుకున్నట్టు.
పోయిన ఆదివారం యాభై ఎనిమిది నిమిషాలు.
ఇయ్యాల యాభై అయిదు కావాల.
ఎవరికి కావాలో అడగొద్దు.
వారమంతా బ్యాంకులో ఊరివాళ్ళ డబ్బు లెక్కబెట్టేదాన్ని,
ఒక్క పూట నా ఊపిరి లెక్కబెట్టుకుంటా.

ఇందుకూరుపేట దాకా కాళ్ళు నావి కావు,
బియ్యం మిల్లువి.
వెనకనించి పడమటి గాలి నెడతా ఉందని తెలీదు,
అదంతా నా సత్తువే అనుకున్నా.
కాలవ గట్టున కొంగలు లేచినై, చూళ్ళేదు.
మళ్ళల్లో నీళ్ళు తెల్లబడినై, చూళ్ళేదు.
రొయ్యల గుంటల్లో ఏరేటర్లు మాత్రం కనబడ్డాయి.
రాత్రంతా గిర్రున తిరిగి తిరిగి
ఉన్నచోటే ఉండాయి.
ఎందుకో ఒళ్ళు మండింది.

సముద్రం కనబడగానే గడియారం నొక్కా.
యాభై ఆరూ పన్నెండు.
సూర్యుడు ఇంకా నీళ్ళలోంచి
సగమన్నా లేవలేదు.
రెండు గుక్కలు తాగి
అలలకు వీపుబెట్టి చక్రం తిప్పా.

అప్పుడు తగిలింది మొహాన.
ఇందాక నా సత్తువ అనుకున్నదే
ఇప్పుడు దారికడ్డంగా నిలబడి ఉండాది.
రెండు కిలోమీటర్లకే తొడల్లో నిప్పు,
నాలిక మీద ఉప్పు.

ఊరి మలుపులో పులిబొంగరాల బండి.
పక్కన బల్లమీద కూర్చున్న ముసలాయన
నన్నూ నా సైకిల్నీ ఎగాదిగా చూసి
"యాడికమ్మా అంత పరుగు?
ఐసు గానీ కరిగిపోతా ఉండాదా?" అన్నాడు.

పోలయ్య. ముప్పై ఏళ్ళు
మైపాడు నించి నెల్లూరికి చేపలు మోసిన సైకిలు ఆయనది.
వంజరాలు, కవళ్ళు, పైన గోనె, గోనెకింద ఐసు,
అంతా కలిపి ఒక మనిషి బరువు.

"తెల్లారుజామున పడమటి గాలికి ఎదురు.
ఎండెక్కేలోపల మార్కెట్లో పడాల.
అప్పుడు తొక్కాల తల్లీ, పళ్ళు బిగబట్టి,
అమ్మ పిలిచినా తిరక్కుండా.
మజ్జానం తిరిగొచ్చేదానికి సముద్రం గాలి ఎదురు.
ముప్పై ఏళ్ళూ పోయినా ఎదురే నాకు, వచ్చినా ఎదురే.
నీకైతే రెండు పక్కలా తోడే,
పదిన్నర దాకా కూర్చునే ఓపికుంటే."

మరి మజ్జానం ఏం జేసేవాడివి?

"ఏం జేస్తా, దిగి నడిచేవాణ్ణి.
కాలవలో బుట్ట కడుక్కునేవాణ్ణి.
తూము మీద కునుకు దీసేవాణ్ణి.
ఖాళీ బుట్టకు తొందరేంది?"

కూర్చున్నా.
ఆరు పులిబొంగరాలు, ఎర్రకారం, కళ్ళెంట నీళ్ళు.
ఇంకో ఆరు.
గడియారం ఆపడం మర్చిపోయా,
అది పాపం నా కూర్చోవడాన్ని కూడా
సెకన్లతో సహా రాసుకుంటా ఉంది.
పోలయ్య గుంటూరులో కోడలితో ఫోనులో పోట్లాడాడు.
ఎవరిదో కుక్క నా చక్రం నీడలో పడుకుంది.

పదీ ఇరవైకి పొయ్యిమీది పొగ,
పొద్దుటినించి సముద్రం వైపు వంగిన పొగ,
నిట్టనిలువుగా లేచి
కాసేపు ఎటూ తేల్చుకోక
మెల్లిగా నెల్లూరు వైపు ఒరిగింది.
"ఇంక పో" అన్నాడాయన.

పోయా.
కాసేపు కాళ్ళు కదపలేదు, గాలే తోసింది.
కాసేపు ఎవరూ అడక్కుండానే
పిచ్చిపట్టినట్టు తొక్కా,
అరిచానేమో కూడా, గొర్రెలాయన తిరిగి చూశాడు.
తూము దగ్గర దిగా.
దాని అంచు నున్నగా ఉంది,
ఎన్ని మజ్జానాలు ఒక్క వీపు ఆనిందో.

అబద్ధమెందుకు, వచ్చే ఆదివారం
యాభై అయిదు కావాల నాకు.
ఆ దురద పోలేదు.
కానీ గేటు దగ్గర మస్తానయ్య కొట్లో ఆగి
క్యారియరు బిగించమన్నా.
గేర్ల సైకిలుకు ఎందుకక్కా, బరువు గదా అని నవ్వాడు.
ఏం కడతావు దీనికి?

బుట్ట.
ఏమేస్తావు అందులో?

ఆయన స్క్రూ తిప్పతానే ఉన్నాడు,
నేను జవాబు వెతుక్కుంటానే ఉన్నా.