చేతుల లెక్క

ఇంటికి ఒక్క చెయ్యే అన్నారు హెడ్మాస్టరు గారు.
ఎత్తింది దించొద్దు, లెక్కయ్యేదాకా.

ఆరో తరగతి గదిలో, పిల్లల బల్లల్లో
మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు పెద్దలు.
సుద్దముక్క నా చేతిలో.
బోర్డు మీద రెండే పేర్లు:
ఆటో నడిపే మీరావలి,
పాలబూత్ పిచ్చయ్య.
గెలిచినవాళ్లకి జీతం లేదు, జెండా లేదు.
ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గడియ పెట్టించాలి,
అన్నంలో పురుగొస్తే కంచం పట్టుకుని నిలదీయాలి.
అంతే పదవి.

దరియాబీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.
మిర్చి యార్డులో సగంపూట కూలి వదులుకుని వచ్చింది.
ఆమెకంటే ముందు ఆమె కొంగు వచ్చింది లోపలికి.
ముందు బల్ల తుమ్మింది, తర్వాత వెనక బల్ల,
చివరికి హెడ్మాస్టరు గారు కూడా,
గంభీరంగా, రెండుసార్లు.
అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి
చేతులు వెనక్కి పెట్టుకుంది.

మీరావలికి ఎవరెవరు?
కటారి సుబ్బులు చెయ్యెత్తబోతే
పక్కనున్న మొగుడు దాన్ని దించి తనది ఎత్తాడు.
ఇంటికొక్కటే కదా.
ఆ ఇంట్లో ఎవరి చెయ్యో జీవోలో లేదు.

పదకొండు. పన్నెండు.
పదమూడోది గుమ్మం దగ్గర లేచింది.
తొడిమలు తీసీ తీసీ గోళ్ల చుట్టూ పగిలిన చెయ్యి,
కొబ్బరినూనె రాసినా రాత్రంతా మండే చెయ్యి.

"నువ్వెవరమ్మా?"
"షమీమ్ మేనత్తనండీ."
"తల్లి?"
"లేదండీ."
"తండ్రి?"
"ఉన్నాడండీ. ఎక్కడున్నాడో తెలీదు."
"సంరక్షకులుగా రాయించుకున్నావా?"
ఆ మాటకి నా వైపు చూసింది,
అదేదో మందు పేరైనట్టు.

రిజిస్టరు తీశాను. దస్తూరీ నాదే.
షేక్ షమీమ్. ఆధార్ నంబరు. పుట్టుమచ్చలు రెండు.
పుట్టుమచ్చలకి కూడా గడి ఉంది.
సంరక్షకుల గడిలో మాత్రం
జూన్ ఉక్కలో, అడ్మిషన్ల హడావుడిలో
నేను గీసిన చిన్న అడ్డగీత.

పిల్లకి జ్వరమొస్తే నేను ఫోన్ చేసేది ఈమెకే.
నోటుబుక్కు అట్టల మీద ఎర్రటి వేలిముద్రలు ఈమెవే.
రిబ్బను లేదని షమీమ్‌ని బయట నిలబెట్టిన రోజు
చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి
నా చేత మాటపడిందీ ఈమే.
ఇన్నింటికి అక్కర్లేని కాగితం
ఒక్క చెయ్యెత్తడానికి కావాల్సొచ్చింది.

"జాబితాలో లేదు సార్," అన్నాను.
నిజమే చెప్పాను. నేను రాసిన నిజం.
పదమూడు చెరిపి పన్నెండు వేశాను.
ఆమె వెంటనే దించలేదు.
లెక్కయ్యేదాకా దించొద్దనే కదా చెప్పారు.

పిచ్చయ్య గెలిచాడు, ఆరు ఓట్ల తేడాతో.
"నీ ఓటు పడ్డా మారేదేం లేదులే," అని
టీ గ్లాసు అందిస్తూ ఎవరో ఓదార్చారు.
"మారాలని కాదయ్యా,
ఆ గడియ సంగతి నా నోటితో అడుగుదామని."
టీ తాగకుండా కిటికీలో పెట్టి వెళ్లిపోయింది,
మిగిలిన సగంపూటైనా దక్కుతుందని.

గది ఖాళీ అయ్యాక
గీత మీదే దిద్ది పేరు రాశాను. షేక్ దరియాబీ.
మళ్లీ ఓట్లు రెండేళ్లకి.
అప్పటికి షమీమ్ ఎనిమిది దాటుతుంది,
ఇక్కడ తొమ్మిది లేదు.

బోర్డు తుడిచి బయటికొస్తే
పెరట్లో షమీమ్.
లోపల ఎవరో స్నేహితురాలు ఉన్నట్టుంది.
గడియ లేని తలుపుని
ఒక చేత్తో అదిమి పట్టుకుని నిలబడింది.