మొగాన్ కొండ మీద తొమ్మిదో నంబరు ఇల్లు

మాకంటే ముందే
మబ్బు లోపలికొచ్చి కూర్చుంది.
తాళాలగుత్తి నడుముకు దోపుకుని
గుయ్‌లాన్ గడప మీదే నిలబడి
నా బూట్ల వైపు చూసింది. విప్పాను.

"ఇది వాళ్ళు టీ తాగిన గది.
ఇది జ్వరమొస్తే పడుకున్న గది.
ఇది..." ఆగి,
"ఏమో, నాకూ తెలీదు" అంది.

షాంఘై వేసవి తాళలేక
దొరలు కట్టుకున్న రాతిమేడ.
గోడకి టోపీలు తగిలించిన మేకు
ఇంకా ఉంది.

ఆమె తాత పల్లకీ మోసేవాడట,
కింది రేవు నుంచి ఇక్కడిదాకా.
ముఖాలు చూసే వీలెక్కడిది, ముందు బోయీకి!
బరువును బట్టే గుర్తుపట్టేవాడట.
"ఈ ఏడు దొరసాని తేలికైంది,
చంటిబిడ్డ దక్కినట్టు లేదు" అని
రాత్రి అన్నం దగ్గర చెప్పేవాడట.
పోయేనాటికి భుజం మీద
నిమ్మకాయంత గట్టి కాయ.
చిన్నప్పుడు దాన్ని నొక్కి ఆడుకునేదట ఈమె.

నేను కారులో వచ్చాను.
నా బరువు ఇక్కడెవరికీ తెలియదు.

వంటింట్లో గచ్చు పగిలి
జానెడు వెదురు మొలక.
"నిన్న లేదే!"
తిట్టుకుంటూ కత్తి తెచ్చింది,
మొదలంటా కోసింది.
పొరలు ఒలుస్తుంటే
లేత మొక్కజొన్న వాసన.

ఉప్పు పట్టించిన పందిమాంసంతో కాచిన ఆ చారు
మెట్ల మీద కూర్చుని తాగాం ఇద్దరం.
మబ్బు ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో చూడలేదు.
కిందెక్కడో బస్సు హారను.

"వేరు నడుస్తూనే ఉంటుంది, గచ్చు కింద,"
నా గిన్నెలో ఇంకో గరిటె పోస్తూ అంది.
"వచ్చేవారం ఏ గదిలో లేస్తుందో."