మేకపోతు కప్పు

గుణుపురంలో కప్పు వెండిది కాదు.
మైదానం చివర స్కోరుబోర్డు గుంజకు కట్టేసిన మేకపోతు.
మెడలో బంతిపూల దండ, సగం అదే తినేసింది.

ఆట మొదలవకముందే తండ్రులు
దాన్ని కళ్లతో తూచేశారు.
"పద్దెనిమిది కిలోలుంటాది. మేష్టారూ,
ఆ పెద్ద గుంటణ్ణి ముందుకెట్టండి.
బంతి పైకి కొట్టీమనండి, ఆడే తోసుకుపోతాడు."

పెద్ద గుంటడంటే పొట్నూరు కైలాసు.
పన్నెండేళ్లకే మీసం నీడ.
వాణ్ణి ముందు పెడితే గెలుస్తామని నాకూ తెలుసు.
పోయినేడు అలాగే గెలిచాం.
కూర నేనూ తిన్నాను, రుచిగానే ఉంది.
ఆ ఏడాదంతా వాడు
తనకొక ఎడమ కాలుందని మరిచిపోయాడు,
మిగతా ఆరుగురూ
బంతిని వాడికి చేరవేసే తపాలా జవాన్లయ్యారు.

అందుకే ఈ ఏడు వైశాఖం నుంచీ
పొద్దున్న వంశధార ఇసకలో,
సాయంత్రం గూడ్సు షెడ్డు గోడ దగ్గర
ఎడమ కాలు ఒక్కటే.
కొట్టు, ఆపు. కొట్టు, ఆపు.
బంతి వచ్చేలోపు తలెత్తి చూడు.
తెలుగులో చూడు, ఒడియాలో దెఖొ,
సవర మాటలో ఏమంటారని అడిగితే
ఎసాయి గొమాంగో నవ్వి
రెండు వేళ్లు కళ్ల దగ్గర పెట్టి చూపాడు.
అప్పట్నుంచి నేనూ అరవడం మానేసి
అదే చూపిస్తున్నాను.

కార్తీకంలో ఫైనలు.
కైలాసుని వెనక నిలబెట్టాను,
ఆటని అడుగునుంచి కట్టడం నేర్చుకోవాలని.
ఎడమ కాలితో వాడిచ్చిన మొదటి బంతి
సూటిగా ఎదుటివాడి కాళ్ల దగ్గరికే వెళ్లింది.
గోలు.
రెండోదీ అంతే.
గీత అవతల వాళ్ల నాన్న తువ్వాలు దులిపి
నా వంక చూడకుండా వెళ్లిపోయాడు.
నాలుగు, సున్నా.

మేకపోతు రాయగడ వాళ్ల ఆటో ఎక్కింది.
మావైపు తిరిగి ఒకసారి అరిచింది.
ఎవరు గెలిచినా దానికి ఒకటే.

రాత్రి నా సైకిలు షాపుకొచ్చి అడిగారు.
"నేర్పడం సరే మేష్టారూ, గెల్డం ఎప్పుడు?"
ట్యూబు నీళ్లలో ముంచి
బుడగ కోసం చూస్తూ ఉండిపోయాను.
పొగబెట్టి మగ్గేసిన మామిడి పైకే పసుపని,
టెంక దగ్గర పులుపు పోదని
తోటలున్నవాళ్లకి నేను చెప్పాలా?
తెలుసు వాళ్లకి. మేకపోతు మీద మనసు వేరు.
నిజం చెప్పాలంటే నేనూ నిద్రపోలేదు.
కైలాసుని ముందు పెట్టుంటే, అనుకుంటూ
చీకట్లో ఆ మ్యాచి మళ్లీ మళ్లీ ఆడాను.
ప్రతిసారీ గెలిచాను.

మర్నాడు ఎవరూ రారనుకున్నా.
నౌపడా బండి కూతేశాక
గూడ్సు షెడ్డు వెనక చప్పుడు.
కొట్టు, ఆపు.
కైలాసు. ఒక్కడే.
నన్ను చూసీ ఆగలేదు.
బంతి గోడకు తగిలి తిరిగొచ్చేలోపు
ఒక్క క్షణం తలెత్తాడు.
అక్కడ చూడ్డానికి ఎవరూ లేరు,
ఖాళీ పట్టాలు, వాటిమీద మంచు.
అయినా చూశాడు.
చూసి,
ఎడమ కాలు ముందుకు పెట్టాడు.